చుక్కి చెవి తిప్పిన వైపు

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. నా మొగుడి ప్రాణం పోయిన గదిలోనే ఆ వారమంతా ఒక్కదాన్నే పడుకున్నాను. వస్తే నిలదీసి అడగాల్సిన మాటలు కొన్ని మిగిలిపోయాయి. రాలేదు. పోయినవాళ్లు పోయినట్టేనని ఆనాడే ఖాయం చేసుకున్నాను.

పేరు రాయడం తప్ప నాకు చదువు లేదు. నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. నేను చెప్పనిది ఒక్క ముక్క కూడా కలపొద్దని ముందే చెప్పాను.

ఇది యుద్ధానికి ముందు మాట. లాల్‌దర్వాజాలో గుడి వెనక సందులో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందు వాకిలి, వాకిట్లో ఒక బర్రె. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని దాన్ని చుక్కి అనేవాళ్లం. మొగుడు పోయాక నాకూ నా బిడ్డకూ అదే దిక్కు.

మా బావ, అంటే నా మొగుడికి అన్న, యాకుత్‌పురాలో ఉండేవాడు. బర్రెను అమ్మేసి తన ఇంటికొచ్చి ఉండమనేవాడు. ఉండడమంటే వాళ్ల గొడ్ల పేడ ఎత్తాలి, వాళ్ల అంట్లు తోమాలి, వాళ్లు పెట్టినప్పుడు తినాలి. బిడ్డను బడి మాన్పించాలి. చుక్కి పాలిస్తున్నంత కాలం నేను కాదనగలిగాను.

నా బిడ్డ చదివే ఆడపిల్లల బడిలో ఒక దొరసాని పాఠాలు చెప్పేది. సముద్రం అవతల ఏదో చలిదేశం ఆమెది. పేరు మా నోట తిరిగేది కాదు, అందరం టీచరమ్మ అనేవాళ్లం. దొరసానులంటే బంగళాల్లో ఉంటారు కదా. ఈమె మా సందులోనే వకీలు గారి మేడమీద గది కిరాయికి తీసుకుంది. బండివాళ్లతో ఉర్దూ, మాతో తెలుగు, రెండూ కలగాపులగం. అయినా బేరంలో ఎవరికీ తగ్గేది కాదు.

పొద్దున్నే చెంబు పట్టుకుని తానే వచ్చేది. పాలు పిండడం అయిపోయేదాకా కదిలేది కాదు.

"నీళ్లు కలుపుత అనుకుంటున్నవా టీచరమ్మా?" అని ఒకరోజు అడిగేశాను.

"లేదక్కా. బర్రె వాసన కోసం వస్తున్న. మా అమ్మ ఇంట్ల గిదే వాసన."

వాళ్లమ్మకు ఆవులున్నాయట. అది విన్నాక ఆమె మీద నాకు వేరే అనుమానం పెట్టుకోవాలనిపించలేదు. మా ఇంట్లో కూర్చుని జొన్నరొట్టెలో మిరపకాయ తొక్కు అద్దుకుని తినేది. కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే ఇంకాస్త వెయ్యమనేది. గోడ మీద బొగ్గుతో నా పేరు రాసి నాతో దిద్దించింది. నేను ఆమెకు చీర కట్టడం నేర్పాను. కుచ్చిళ్లు తొక్కి సందు మధ్యలో పడితే అందరికంటే ముందు తనే నవ్వింది.

ఆ వేసవిలో చుక్కి దూడ చచ్చిపోయింది.

దూడ లేకపోతే బర్రె చేపదు, పాలు పొదుగులోనే బిగపడతాయి. దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టాం. చుక్కి వాసన చూసి, మొహం తిప్పి, పాలగిన్నెను తన్నింది. తవుడు పెట్టాను. బతిమాలాను. కొట్టాను కూడా. చుక్క రాలేదు.

టీచరమ్మ చూస్తూ నిలబడింది. తర్వాత చెప్పులు విడిచి, నేను కూర్చున్న వైపు కాక అవతలి వైపు పీట వేసుకుంది. చుక్కి డొక్కకు నుదురు ఆనించి, సన్నగా ఏదో పాట తీసింది. మాటలు వాళ్ల దేశానివి. వాళ్లమ్మ ఆవులకు పాడే పాటట. చుక్కి ఆ వైపు చెవి తిప్పింది. పెద్దగా ఊపిరి వదిలింది. నా చేతుల్లో పొదుగు మెత్తబడింది. పాలు దిగాయి.

ఇక రెండు పూటలా ఆమె రావాల్సిందే. ఆ పాట నేను పాడి చూశాను, చుక్కి లెక్కచెయ్యలేదు.

"జర పైలం. రేపు మీ బర్రె ఇంగ్రేజీల అరుస్తది," అని పక్కింటామె ఎకసెక్కాలాడేది.

ఒక్క సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ పాట ఎప్పుడూ ఒకచోట ఆగిపోయేది. పైకి ఎక్కిన రాగం ఎక్కినచోటే ఆగి, మళ్లీ మొదటికి వచ్చేది. వింటుంటే పాలు పిండే నా చేతులు కూడా అక్కడే ఆగేవి. ఒకరోజు అడిగాను.

"చివర గుర్తు లేదక్కా. చిన్నప్పుడు విన్న గద. మా అమ్మకొక్కదానికే ఎరుక. ఈసారి పోయినప్పుడు అడిగి వస్త."

బోనాలు అయిన కొన్నాళ్లకు వాళ్లమ్మకు బాగా లేదని కబురు వచ్చింది. బొంబాయి వెళ్లి ఓడ ఎక్కాలి. వెళ్లే రోజు చుక్కి మెడ పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"జల్దీ వస్త. దీన్ని ఎవ్వరికి అమ్మొద్దు," అంది నాతో.

ఆమె వెళ్లిన మర్నాటి నుంచే చుక్కి మళ్లీ బిగపట్టింది. పాలకు వచ్చినవాళ్లు ఖాళీ చెంబులతో తిరిగి వెళ్లారు. సందులో మాట ఎంతసేపు దాగుతుంది? మూడో నాడు బావ పలుపుతాడు పట్టుకుని దిగాడు.

మా బావ టీచరమ్మను ఎప్పుడూ చూడలేదు. తమ్ముడు పోయాక కయ్యానికి తప్ప మా గడప తొక్కలేదు. వచ్చినా ఆమె బడికి పోయాకే వచ్చేవాడు. ఆ పాట ఆయన చెవిన పడే దారి లేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

"మీ ఆటలు గిట్ల అయిపోయినయి గని, సామాను సదురుకో. దీన్ని సంతకు కొట్కపోత," అన్నాడు.

"ఒక్కసారి పిండి చూడనీ బావా. పొదుగు బిగిసి నడవలేదు పాపం."

"పిండు పిండు. ఏమొస్తదో నేను గూడ చూస్త."

ఆయన చుక్కి తల దగ్గర పలుపు పట్టుకుని నిలబడ్డాడు. నేను నా వైపు కూర్చున్నాను. అవతలి వైపు టీచరమ్మ పీట అలాగే ఉంది, తీయబుద్ధి కాలేదు. ఎండ వాకిట్లోకి వచ్చేసింది. ఏడుపు బయటికి రాకుండా కొంగు పళ్ల మధ్య కొరికి పట్టుకున్నాను. బావ ముందు ఏడవదలుచుకోలేదు.

ముందు ఏమీ రాలేదు. తర్వాత చుక్కి చెవి తిప్పింది, ఆ పీట వైపు. కదలకుండా నిలబడింది. పెద్దగా ఊపిరి వదిలింది. నా చేతుల్లో పొదుగు మెత్తబడింది.

నేను అటు వంగి చూశాను. పీట మీద ఎవరూ లేరు. కానీ చుక్కి డొక్క మీద ఒకచోట, అరచేతి మేర, వెంట్రుక నొక్కుకుపోయి ఉంది. నుదురు ఆనిస్తే పడే జాగా అది.

గిన్నె నిండింది. బావ గిన్నె వైపు, నా వైపు చూశాడు.

"గిన్ని పాలిచ్చే బర్రెను పట్టుకుని ఎండిపోయిందని ఎవడన్నడే?" అని పలుపు నా ముందు పడేసి బయటికి నడిచాడు.

గడప దాటుతూ కూనిరాగం తీశాడు. టీచరమ్మ పాట.

"బావా, ఆ పాట నీకెట్ల తెలుసు?"

"ఏం పాట? నువ్వే గద, పాలు పిండుకుంట ఇప్పటిదాక తీసినవు. మంచిగుంది అనుకున్న."

పిండుతున్నంతసేపూ నేను నోరు విప్పలేదు. కొంగు నా పళ్ల మధ్యే ఉంది. తడిసి, పంటిగాట్లు పడి ఉంది. నాకు ఆ వాకిట్లో ఈగ చప్పుడు తప్ప ఏదీ వినిపించలేదు.

ఆ తర్వాత బావ బర్రె ఊసెత్తలేదు. చుక్కి రెండు పూటలా ఆ పీట వైపే చెవి తిప్పి చేపేది. నేను పిండుకునేదాన్ని. భయం వేయలేదా అంటే వేసింది. కానీ బిడ్డ బడికి పోవాలి కదా. పీటను మాత్రం కదపలేదు. ఆ వైపు ఊడ్చేటప్పుడు, ఎవరో కూర్చున్నట్టు, చుట్టూ ఊడ్చేదాన్ని.

టీచరమ్మకే ఏదో అయిందని నా మనసులో పడిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

చలి తగ్గే రోజుల్లో ఒక పొద్దున చెంబు పట్టుకుని టీచరమ్మ వాకిట్లో నిలబడింది. బతికే ఉంది. చిక్కిపోయింది, అంతే. ముట్టుకుని చూశాను.

"నేను పోయేసరికి అమ్మ లేదక్కా," అంది. "ఓడ ఇంకా నీళ్ల మీద ఉండంగనే పోయిందట."

కాసేపు చుక్కిని నిమిరింది. "పాట చివర గూడ అడగలేకపోయిన," అంది.

బావ ఆనాడు గడప దాటుతూ తీసిన కూనిరాగం గుర్తొచ్చింది. ఆమెను వెంటబెట్టుకుని యాకుత్‌పురా నడిచాను.  బావ అరుగు మీద గడ్డి నరుకుతున్నాడు. దొరసానిని చూసి గబగబా తలగుడ్డ సర్దుకున్నాడు.

"బావా, ఆనాడు మా ఇంట్ల విన్న పాట ఒకసారి తియ్యి."

"పొద్దుగాల్నే నన్ను భాగోతం ఆడుమంటవేందే?"

అన్నాడు గానీ, తల వంచుకుని తీశాడు. మాటలు లేవు, రాగమే. పాట పైకి ఎక్కింది. టీచరమ్మ ఎప్పుడూ ఆగే చోటికి వచ్చింది.  బావ ఆగలేదు. పాట అక్కడి నుంచి మెల్లగా కిందికి దిగింది, నిద్రపోయిన పిల్లను పక్కలో దించినట్టు దిగి, అయిపోయింది.

టీచరమ్మ అరుగు పట్టుకుని మట్టిలో కూలబడింది.

"గదే," అంది. "గదే అక్కా. మా అమ్మ గిట్లనే ఆపుతుండె."

మళ్లీ పాడమంది. మళ్లీ పాడాడు. మూడోసారి తానూ గొంతు కలిపింది. మా బావ లాంటి మనిషికి ఆ పొద్దు కళ్లు తడిశాయి. ఎందుకో ఆయనకే తెలియదు.

మర్నాడు టీచరమ్మ తన పీట మీద కూర్చుని పాటంతా పాడింది. చుక్కి మామూలుగా చేపింది.  ఆ తర్వాత ఆమె రాని పూట కూడా చుక్కి పాలిచ్చింది, కానీ ఖాళీ పీట వైపు మళ్లీ చెవి తిప్పలేదు.

ఇప్పటికీ నాకు అంతు పట్టలేదు. తన ఊరు దాటని టీచరమ్మ తల్లి లాల్‌దర్వాజా దారి ఎలా పట్టిందో. వచ్చింది ఆమే అని కూడా నేను అనను. చుక్కి విన్నది. కయ్యానికి తప్ప మా గడప తొక్కని మా బావ విన్నాడు. వాళ్లిద్దరికీ మధ్య, పాలగిన్నె పట్టుకుని, నేనున్నాను. నాకొక్కదానికే వినపడలేదు.