లాన్ పెద్దమ్మ అడిగిన ఫొటో

మా ఆయన ఖియెమ్‌కి పెళ్ళి ఫొటోలు తీయమంటే ఎక్కడలేని నీరసం వస్తుంది. యుద్ధం వదిలిపోయినవి తీయమంటే మాత్రం తిండి మానేసి పరిగెడతాడు. వియత్నాంలో మా క్వాంగ్ త్రి వైపు బాంబు గుంతల్లో చేపలు పెంచుతారు కదా, ఆ గుంతలన్నీ ఆయన ఫొటోల్లో ఉన్నాయి. ఫిరంగి గుండు తొడుగులో మొలిచిన ఉల్లికాడలు, బాంబు డొల్లతో చేసిన బడిగంట కూడా ఉన్నాయి. మా పెళ్ళి ఫొటోనే ఎక్కడుందో తెలియదు. ఉన్నది ఉన్నట్టు తీయాలి, ఒక్క గీతా దిద్దకూడదని ఆయన నియమం. ఆ నియమం కూరలోకైనా పనికిరాదని నేను చాలాసార్లు దెప్పాను.

ఒకరోజు పొద్దున్నే మా వీధి చివరి లాన్ పెద్దమ్మ వచ్చింది. కొడుకు క్వియెన్ కడుపులో ఉండగానే ఆమె పెనిమిటి యుద్ధానికి వెళ్ళాడు. మనిషి రాలేదు, ఎముకా దొరకలేదు. ఉన్న ఒక్క ఫొటో ఇంటితోపాటు కాలిపోయింది. అందుకే ఆమె ఇంట్లో పెద్దలకు పెట్టే పీట మీద అగరొత్తుల గిన్నె తప్ప పటం లేదు.

“చూడు నాయనా, పట్నం స్టూడియోవాడి ఘనకార్యం!” అని ఒక పటం బల్ల మీద పడేసింది. తండ్రి పటమని చెప్పి, క్వియెన్ కుర్రతనపు ఫొటోలోని మొహానికి కంప్యూటర్లో సైనికుడి టోపీ పెట్టారు.

“బాగానే ఉంది కదా పెద్దమ్మా,” అన్నాను.

“ఏం బాగే? బతికున్న కొడుక్కి అగరొత్తులు వెలిగించమంటావా? ముందు నోరు కడుక్కో!”

నాకు నిజంగానే సిగ్గేసింది.

“పెదనాన్న మొహం ఎలా ఉండేది?” అని మా ఆయన అడిగాడు.

ఆమె బల్ల మీది పటాన్ని బోర్లించింది. “గుర్తు రావడంలేదురా. కాస్త కాస్తగా చెరిగిపోయింది. నేనూ పోతే ఆయనొకడు ఉండేవాడని చెప్పేవాళ్ళే ఉండరు. ఈ తద్దినానికైనా పటం పెట్టాలి.”

“ఏమీ గుర్తులేదా?”

“వీపు గుర్తుంది. సంచి ఎడమ భుజానికి తగిలించుకుని పొలం గట్టు మీద వెళ్ళాడు. నేను ఏడుస్తానని వెనక్కి తిరగలేదు, మొండిమనిషి.”

“ఉన్నది అదే అయితే అదే తీద్దాం,” అన్నాడు మా ఆయన.

మర్నాడు క్వియెన్‌ని అదే గట్టు మీద నడిపించారు. “మొహం పనికిరాదట, వీపు పనికొస్తుందట!” అని అతను సణిగాడు. “సంచి ఎడమవైపురా గాడిదా!” అని తల్లి అరిచింది. అతను నాలుగడుగులు వేసేసరికి ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. మా ఆయన అప్పుడు బొత్తాం నొక్కాడు.

ఎప్పుడు పోయాడో తెలియదు కనక, వెళ్ళిన రోజునే తద్దినం పెడతారు. పటం చూసి చుట్టాలు గుసగుసలాడారు. “వడ్డించినవాళ్ళకి వీపు చూపించే పెద్దమనిషిని ఇక్కడే చూశాం,” అని ఒకావిడ పైకే అనేసింది. మా ఆయన గుమ్మంలోనే తల దించుకుని నిలబడిపోయాడు.

పెద్దమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. అన్నం, చేపల పులుసు, చిన్న గిన్నెడు సారా పటం ముందు పెట్టి, అగరొత్తులు వెలిగించి దణ్ణం పెట్టింది. తరువాత ఆ వీపుని కోప్పడింది.

“నడిచింది చాల్లే. ఇంక నేను ఏడవను. ఇటు తిరుగు.”