శనివారం నేను వేసిన ఫ్యాను

ఆ రోజు హాల్లో ఫ్యాను వేసింది నేనే. ఈ చిన్న వాక్యాన్ని పద్దెనిమిదేళ్ల కిందట, మా ఇంట్లోనే, ముగ్గురు మనుషుల ముందు చెప్పాల్సింది. చెప్పలేదు. నా నోరు ఎవరూ మూయలేదు, చెబితే కొంప మునిగేదీ లేదు. కాస్త నవ్వులపాలయ్యేవాణ్ణి, అంతే. మా అమీర్‌పేట అపార్ట్‌మెంటులో పాత కాపురాల వాళ్లు ఈరోజుకీ పెయింటింగు మాటొస్తే, "ఆ ముసలాయనకు మాత్రం ఇవ్వకండి, ఆయన వేసింది నెత్తి మీద ఊడిపడింది" అని కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతుంటారు. ఆ తప్పు ఆయనది కాదని పోయిన నెల దాకా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని రాస్తున్నాను.

పోయిన నెల మా ఫ్లాటులో సీలింగు పని పెట్టాం. ఇప్పుడు అందరూ నున్నటి బోర్డులు బిగించి, అంచుల్లో లైట్లు దాచి పెట్టించుకుంటున్నారు. గరుకుగా అలలు అలలుగా ఉండే టెక్చర్ పాతకాలపు ముచ్చటైపోయింది. దానికి బూజు పట్టిందంటే చీపురుకు లొంగదు, సాలెపురుగులకు అంతకన్నా సుఖమైన ఇల్లు ఉండదు. మా పడకగది కప్పుకు మాత్రం అది ఇంకా మిగిలి ఉంది. గీకెయ్యమని పనివాడికి చెప్పి నేను బాల్కనీలో కూర్చున్నాను. ఎదురు హాస్టలు కటకటాలకు తువ్వాళ్లు ఆరుతున్నాయి, కింద కోచింగుకు పోయే పిల్లలు ఇడ్లీ బండి చుట్టూ మూగారు. గంట తర్వాత అతను కనుబొమల మీద కూడా తెల్లటి పొడితో బయటికొచ్చాడు.

"అన్నా, గిది ఎవరు జేసిండ్రే?"

"ఏం, ఏమైంది?"

"ఊడుతలేదన్నా. నా గీకే పట్టీ వంగిపోయింది గని పెచ్చు లేస్తలేదు. మస్తు చెయ్యి. గసొంటోళ్లు ఇప్పుడు యాడున్నరు?"

టీ గ్లాసులతో వచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమండీ, హాలు చేసిందీ ఆ ముసలాయనే కదా? అదే వారం, అవే డబ్బాలు. మరి ఇది ఇంత గట్టిగా ఉంటే అది ఎందుకు ఊడింది?" అంది. నన్ను నిలదీయాలని అడగలేదు, ఊరికే ఆశ్చర్యపడింది. ఆ ఆశ్చర్యం ముందు నేను కూర్చోలేకపోయాను. లేచి చెప్పులు వేసుకుని, పాలు తెస్తానని కిందికి దిగాను. పాలు ఉన్నాయని ఆవిడ వెనక నుంచి అంటూనే ఉంది.

ఆయన్ని మేమంతా చాచా అనేవాళ్లం. బోరబండ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. హ్యాండిల్‌కు ఒక సంచి, అందులో నాలుగు రకాల దువ్వెనలు. తల దువ్వుకునేవి కావు. రేకును పళ్లు పళ్లుగా కోసి ఆయనే చేసుకున్నవి. లప్పం లాంటి చిక్కటి పిండిని కప్పుకు పట్టించి, అది మెత్తగా ఉండగానే ఆ దువ్వెన ఆనించి మణికట్టు ఒక్కసారి తిప్పేవాడు. అర్ధచంద్రాకారంలో ఒక గవ్వ విచ్చుకునేది. దాని పక్కన ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. తల వెనక్కి వాల్చి పొద్దంతా అలా తిప్పుతూనే ఉండేవాడు. కింద నిలబడి చూస్తుంటే మనకే మెడ పట్టేసేది. పని మొదలుపెట్టే ముందు మాత్రం బల్ల ఎక్కి, కప్పుకు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని కాసేపు నిలబడేవాడు, పిల్లాడికి జ్వరం ఉందో లేదో చూస్తున్నట్టు. పంజాగుట్ట సందులో రంగుల కొట్టాయన మాకు ఈయన్ని పంపిస్తూ, "జర నిదానం మనిషి, కానీ చెయ్యి మంచిది" అన్నాడు. ఆ నిదానమే నాకు పడలేదు.

అప్పట్లో మేం ఆ ఫ్లాటు కొత్తగా కొన్నాం. ఆదివారం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో సొంత ఇల్లు కొన్న మొదటివాణ్ణి మా వైపు నేనే కాబట్టి, శ్రీనగర్ కాలనీలో ఉండే బావమరిది దగ్గర నుంచి మా ఆఫీసు మేనేజరు దాకా అందరినీ పిలిచాను. చాచా హాలు ముగించేసరికి శుక్రవారం సాయంత్రమైంది. ఫ్యాను రెక్కలకు పాత పేపర్లు చుట్టి దారంతో కట్టి ఉంచాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "సాబ్, అమ్మా, ఇద్దరికీ జెప్తున్న. రెండు దినాలు ఫ్యాన్ ఎయ్యకుండ్రి. గాలి గొట్టిందంటే పైన తోలు గడుతది, లోపల తడి అట్లనే ఉంటది. దానంతట అది ఆరాలె" అన్నాడు. పడకగదిలో అప్పటికింకా ఫ్యానే బిగించలేదు కనుక ఆ గది గురించి చెప్పాల్సిన పని లేకపోయింది.

శనివారం మా ఆవిడ వంటసామాను కోసం వాళ్ల తమ్ముడి ఇంటికి వెళ్లింది. నేను ఒక్కణ్ణే మిగిలాను. తల ఎత్తి చూస్తే కప్పు ఇంకా తడితో నల్లబడి మరకలు మరకలుగా ఉంది. పూజ మధ్యలో మేనేజరు తల మీద ఒక చుక్క రాలుతుందేమో అని ఊహించుకున్నాను. ఇక ఆగలేకపోయాను. స్టూలు ఎక్కి పేపర్లు విప్పాను. ఐదో నంబరులో ఫ్యాను వేసి, దాని కింద వార్తాపత్రిక చదువుకుంటూ కూర్చున్నాను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా. ఆవిడ వచ్చే వేళకు ఆపేసి, పేపర్లు మళ్లీ చుట్టి, దారం ముడి కూడా ఆయన వేసినట్టే వేశాను. దొంగతనానికి అంత శ్రద్ధ కావాలని నాకు అప్పుడే తెలిసింది. కప్పు మల్లెపూవులా తెల్లగా వచ్చింది. "అబ్బ, ఎంత చక్కగా ఆరిందండీ!" అని ఆవిడ మురిసిపోయింది. మర్నాడు వ్రతంలో ముప్పైమంది చెమటలు కక్కుతుంటే, "చాచా వద్దన్నాడు, ఎవరూ స్విచ్చి ముట్టుకోవద్దు" అని విసనకర్రలు పంచింది. నేను కూడా ఒకటి తీసుకుని విసురుకున్నాను.

వినాయక చవితి వానల్లో ఫ్యాను చుట్టూ వెంట్రుకల్లాంటి బీటలు కనిపించాయి. పైఅంతస్తులో ఉండే మా అసోసియేషన్ సెక్రటరీ గారు ఒకరోజు పొద్దున్నే వచ్చారు. రిటైరైన బ్యాంకు మనిషి, ఏ పనైనా స్వయంగా చూస్తే గాని సంతకం పెట్టరు. మా హాలు చూసి నచ్చితే మెట్లదారి, ఇంకా చేయించుకుంటామన్న తొమ్మిది ఫ్లాట్లు, మొత్తం చాచాకే అప్పగిద్దామని వారి ఉద్దేశం. కాఫీ పట్టుకుని సరిగ్గా ఫ్యాను చుట్టూ చూస్తుండగా, పళ్లెమంత పెచ్చు టీపాయ్ మీద పడి ముక్కలై, తెల్లపొడి ఆయన కాఫీలో రాలింది. ఆయన కాఫీలోకి చూసి, పైకి చూసి, "చక్కెర వద్దన్నానమ్మా" అన్నారు. ఎవరూ నవ్వలేదు. రెండో పెచ్చు ఆయన భుజం మీద పడింది.

కబురంపితే మధ్యాహ్నానికి, సెక్రటరీ గారు మళ్లీ మా ఇంట్లో ఉండగానే, చాచా వానలో తడుస్తూ వచ్చాడు. స్టూలు ఎక్కి ఊడినచోట వేలితో తడిమాడు. పెచ్చును తిరగేసి చూశాడు. చివరికి, "ఫ్యాన్ ఏమన్న ఏసిండ్రా సాబ్?" అని నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ అందుకుంది. "మేమెందుకు వేస్తాం చాచా? వ్రతం నాడు కూడా వేయనివ్వలేదు నేను. కావాలంటే వచ్చినవాళ్లను అడగండి" అంది. ఆవిడ తనకు తెలిసిన నిజమే చెప్పింది. ఆయన ఇంకా నా వైపే చూస్తున్నాడు. నేను నేల మీది ముక్కలు ఏరడానికి వంగాను.

అవమానంతో మా ఆవిడ గొంతు లేచింది. "పని రాకపోతే రాదని చెప్పాలి గానీ, మా ఇళ్ల మీద నేర్చుకుంటారా? ఎవరి తలైనా పగిలితే?" అంది. సెక్రటరీ గారు భుజం తడుముకుంటూ, "పోనీలేమ్మా, వయసు మీద పడింది. చెయ్యి పట్టు తప్పినట్టుంది పాపం" అన్నారు. తిట్టు కంటే ఆ జాలే చాచాకు ఎక్కువ తగిలింది. "ఐతే నా చెయ్యే అమ్మా. కలిపేటప్పుడే ఏదో గల్తీ జేసిన" అన్నాడు. ఎవరూ అడగకుండానే మూడురోజులు వచ్చి హాలంతా గీకి, నున్నగా తెల్లరంగు వేసి పోయాడు. గవ్వలు మళ్లీ వేయలేదు. ఫ్లాట్ల పని వేరేవాళ్లకు వెళ్లింది. కొన్నేళ్లకు, మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో, పంజాగుట్టలో ఆయన ఒక ప్రహరీగోడకు సున్నం కొడుతూ కనిపించాడు. నేను రోడ్డు దాటి అవతలి వైపు నడిచాను.

పోయిన నెల ఆ పాలు కొనకుండానే ఇంటికి వచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆవిడ అరవలేదు, అరిస్తే బాగుండేది. "ఆ మాటలు నా చేత అనిపించారు కదండీ" అంది. మర్నాడు పొద్దున చీర మార్చుకుని వచ్చి, "పదండి. తిట్టింది నేను, నేనూ వస్తాను" అంది. రంగుల కొట్టులో ఇప్పుడు కొట్టాయన కొడుకు కూర్చుంటున్నాడు. అతను చెప్పిన గుర్తులు పట్టుకుని బోరబండ వెళ్లాం.

చాచా రేకుల ఇంటి ముందు కుర్చీలో ఉన్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. మా ఆవిడను ముందు గుర్తుపట్టాడు. "ఆవో అమ్మా, ఆవో సాబ్. మీ ఇల్లు యాదుంది. మీ ఇంటి తర్వాత నేను ఛత్ పని, గదే కప్పు పని, ముట్టలే" అన్నాడు మామూలుగా, ఎప్పుడో మానేసిన బీడీ గురించి చెబుతున్నట్టు. వాళ్లావిడ చాయ్ తెచ్చింది. చాయ్ కింద పెట్టి, చెప్పేశాను. ఆ శనివారం, ఆ ఫ్యాను, ఆ పేపర్లు, ఆ ముడి, అన్నీ.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన ముందుకు వంగాడు. "ఎన్ని గంటలు ఏసిండ్రు?"

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా చాచా."

"నంబర్?"

"ఐదు."

కళ్లు మూసుకుని లోపల ఏదో కలుపుతున్నట్టు ఉండిపోయాడు. తర్వాత ఇంటి వైపు తిరిగి వాళ్లావిడను గట్టిగా పిలిచాడు. "ఏయ్, ఇంటున్నవా? నా చెయ్యి ఖరాబు గాలేదంట! పిండి మంచిగనే కలిపిన్నంట!"

"నేను జెప్పలే? ఎన్నిసార్లు జెప్పిన," అంది ఆవిడ తలుపు దగ్గర నుంచి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు గానీ ఆ నవ్వు సగంలోనే పోయింది. "మా కొడుకు అడిగిండు సాబ్, అబ్బాజాన్, నాకు గీ పని నేర్పు అని. నా చెయ్యి మీద నాకే భరోసా లేదు, నీకేం నేర్పుత బేటా అన్న. వాడు ఇప్పుడు ఆటో తోలుతుండు" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "ఎంత నీళ్లు పోసిన, ఎంత పిండి పోసిన అని రోజూ సోచాయించేటోణ్ణి. ఎన్నేండ్లో" అన్నాడు.

మా ఆవిడ లేచి ఆయన ముందు నిలబడింది. "నన్ను క్షమించండి చాచా" అన్నది. "మీదేముందమ్మా, మీకు తెల్వదు" అని ఆయన ఆవిణ్ణి కూర్చోమన్నాడు. నాతో ఆ మాట అనలేదు. అనకపోవడమే న్యాయం.

నేను ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. "తప్పు నాది చాచా. మీ చేతిది కాదు. మీరు అడిగినప్పుడు నాకు తెలుసు, తెలిసే నోరు మూసుకున్నాను. మాఫ్ చేయండి" అన్నాను. అది అనడానికి అర నిమిషం కూడా పట్టలేదు. పద్దెనిమిదేళ్లలో ఆ అర నిమిషమే నాకు దొరకలేదు.