పాకాల అడవిలో పచ్చ దుప్పటి

మా చిలుకమ్మ పెద్దమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాశిబుగ్గలో ఆమె మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగిందంటే ఎవరికో మూడిందని అర్థం. అలాంటి మనిషి కూడా తమ్ముడు సారయ్య మాట వస్తే గొంతు తగ్గించేది. "అడవిల దిక్కులేకుంట పండిండే పోరడు," అనేది.

సారయ్య మామయ్య మిలిటరీలో సిపాయి. అరవై ఆరులో సెలవు మీద వచ్చి, మగ్గానికి కలప తేవాలని బండి తోలే కొమురెల్లితో పాకాల అడవికి వెళ్లాడు. అక్కడ పాము కరిచి పోయాడు. వాగు పొంగి శవాన్ని తేలేక కొమురెల్లి అడవిలోనే పూడ్చిపెట్టాడు. ఇంటికొచ్చి ఏడుస్తూ ఆ సంగతి చెప్పి, పెద్దమ్మ నోటికి జడిసి తొర్రూరు వెళ్లిపోయాడు. ఆ చోటు ఎరిగినవాడు అతనొక్కడే. డెబ్బై తొమ్మిదిలో ఎవరిదో పెళ్లిలో మళ్లీ పెద్దమ్మ కంటపడ్డాడు. ఇక వదులుతుందా?

మట్టెవాడలో చిన్న రాతిపలక మీద సారయ్య పేరు చెక్కించింది. దాన్ని గోనెసంచిలో మోసింది ఎవరనుకున్నారు, నేనే. బస్సు దిగి కొమురెల్లి వెనకాల చెట్లలో నడుస్తున్నంతసేపూ పెద్దమ్మకు ఒకటే బెంగ.

"నక్కలు తవ్వినయో ఏమో. మట్టన్న మిగిలిందో లేదో."

సమాధి కనిపించగానే ఆమె ఆగిపోయింది. చుట్టూ శుభ్రంగా ఊడ్చి ఉంది. పైన పచ్చటి చాదర్, తలవైపు ఊదు బూడిద, మోదుగాకులో బెల్లం ముక్క. కట్టెల మోపు పక్కన దించి ఒకామె దండం పెడుతోంది.

"ఇదేం పనే? ఎవలు కప్పిండ్రీ చాదరు?" పెద్దమ్మ గయ్యిమంది.

బక్కమ్మ అట, ఆమె పేరు. ఏమాత్రం బెదరలేదు.

"సిపాయి పీరు అక్కా ఈయన. మావోళ్లు మొదలు చూసిన్నాడే బూట్లున్నయి, పచ్చబట్ట కప్పి ఉన్నది. అది చినిగినంక ఏటా కొత్తది కప్పుతానం. సాబుకు మొక్కంది అడవిల అడుగు పెట్టం."

"అది మిలిటరీ దుప్పటి బిడ్డా. నేనే కప్పిన," అని కొమురెల్లి నా చెవిలో గొణిగాడు.

పచ్చబట్ట కనిపిస్తే పీరు అనుకోవడం మా వైపు వింతేమీ కాదు. పీర్ల పండక్కి మేమూ మొక్కేవాళ్లమే. అయినా నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది.

"రోజు వస్తరా ఎవలన్న?" అని బక్కమ్మను అడిగింది. గొంతు మారిపోయింది.

"రాకుంటెట్లక్కా? మా పిల్లకు జరమొస్తె గూడ ఈయనకే మొక్కిన. మా ఇంటి మనిషసొంటోడు."

పెద్దమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నాకూ కళ్లు నిండాయి, కానీ అది బాధ కాదు. ఇన్నేళ్ల బెంగ ఆమె మీద నుంచి దిగిపోవడం నేను కళ్లారా చూశాను. తరువాత ఇద్దరం కలిసి పలకను తలవైపు పాతాము. బక్కమ్మకు చదువు రాదు.

"ఏం రాసున్నదక్కా?"

"సిపాయి సాబు అని," అంది పెద్దమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

మరుసటి ఏడు నుంచి ఆ పచ్చ చాదర్ మా పెద్దమ్మ మగ్గం మీదే తయారైంది. తొలిసారి దాన్ని కప్పుతూ, బెల్లం ముక్క చూసి మొహం చిట్లించింది.

"బక్కమ్మా, సాబు నా కలలకొచ్చిండే. బెల్లం తిని తిని పండ్లు గుంజుతానయట. పుట్నాలు పెట్టుమన్నడు."

మామయ్యకు చిన్నప్పటి నుంచి పుట్నాలంటే ప్రాణం. పై వారం నుంచి బక్కమ్మ ఊరు ఊరంతా పుట్నాలే పెట్టింది.