బంతి గూడు చదివిన పిన్నమ్మ

కోలార్ పక్కన తమకలోని మా ఫ్యాక్టరీలో ఉదయం షిఫ్టు మొదలైన కాసేపటికి ఊరిగాం నుంచి ఫోన్ వచ్చింది. పిన్నమ్మ పోయింది. గుండె కొన్నాళ్లుగా మొరాయిస్తూనే ఉంది, డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, ఆమె వినకుండానే ఉంది. పొద్దున కాఫీ తాగి, పేపరు తెమ్మని చెప్పి, పేపరు వచ్చేలోగా వెళ్లిపోయిందట. పని ఆపమని నేనెవరికీ చెప్పలేదు. ఆపితే ఆమెకు నచ్చేది కాదని అక్కడ అందరికీ తెలుసు. ఎవరికి వారే లేచి కాసేపు నిలబడి, మళ్లీ కూర్చుని పని చేసుకున్నారు.

ఆమె మా అమ్మకు చెల్లెలు, ఊరిగాం బంగారు గనుల ఆఫీసులో గుమాస్తాగా చేసిన మా తాతకు చిన్న కూతురు. ఇంజనీరింగ్ చదివింది. గనులు మూతపడ్డాక, ఊళ్లో చాలామంది లాగే తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చే మనిషైంది. ఆమె ఉద్యోగం ఏమిటని అడిగితే ఊరిగాంలో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయేవాళ్లు. మా అమ్మయితే "ఎవురో కనిపెట్టినవి చదువుతాదంట, దానికి జీతమంట" అని తేల్చేసేది.

నిజానికి పెద్ద తేడా లేదు. కొత్త యంత్రం కనిపెట్టినవాళ్లకు దాని మీద కొన్నేళ్ల హక్కు కావాలంటే, అదెలా పనిచేస్తుందో బొమ్మలతో సహా ప్రభుత్వానికి రాసివ్వాలి. ఆ రాత లోకమంతా చదవొచ్చు. అదే పేటెంట్. ఎవరు దేని మీద రాసిచ్చారు, ఏ దేశాల్లో ఇచ్చారు, ఏది ఫీజు కట్టకుండా వదిలేశారు, ఇవన్నీ చూసి పిన్నమ్మ టెక్నాలజీ కంపెనీలకు దారి చెప్పేది. ఇటు పోండి, అటు ఇరుకు, అక్కడ మీకంటే ముందే ఒకడు గుడారం వేసుకుని కూర్చున్నాడు అని.

"కంపెనీలోళ్లు పేపరోళ్లకు ఏమన్నా చెప్తారు పాపా, పేటెంట్ ఆఫీసులో మాత్రం మనసులో ఉండేది చెప్పాల్సిందే. చెప్పకుంటే హక్కు రాదు" అనేది నాతో. ఒక్కోసారి నవ్వి, "అదిన్నీ ఏడాదిన్నర కిందటి మనసు. అర్జీ బయటికొచ్చేదానికి అంత కాలం పడతాది. ఇప్పటి మనసు ఎట్లుండాదో మనం ఊహించుకోవాల" అని కలిపేది. పెద్దపెద్ద కంపెనీలు ఈ ఊహ కోసమే ఆమె బల్ల ముందు కూర్చునేవి.

రైల్లో ఆమెది ఒక ఆట. పేటెంట్లలోని బొమ్మల కాగితాలు మాత్రం తీసి, కింద ఉన్న రాతను అరచేత్తో మూసి, ఎదుటివాళ్లను ఇదేమిటో చెప్పమనేది. గనుల్లో పనిచేసి ఇప్పుడు బెంగళూరులో సెక్యూరిటీ కాస్తున్న ఒకాయన ఈ ఆటలో గట్టివాడు. ఒకసారి ఆమె చూపించిన బొమ్మ చూసి, "అక్కా, ఇది మా షాఫ్టులో పంపే. దీన్ని యాడ చూసినా గుర్తుపడతాను" అన్నాడు. కిందేమో "ద్రవ పదార్థమును స్థానచలనము చేయు సాధనము" అని అర్థం వచ్చే ఇంగ్లీషు ఉంది. పెట్టెలో ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారట. "బొమ్మ ముందు చూడు, పేరు తర్వాత చూడు. వీళ్లు పేరు పెట్టేది చెప్పేదానికి కాదు, దాచేదానికి" అనేది పిన్నమ్మ. ఆ మాట నేను అప్పట్లో తమాషాగా విన్నాను. దాని బరువు ఆమెకే ఒక రోజు తెలిసొచ్చింది, ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

ఆ రైలంటే ఆమెకు ప్రేమా ఉండేది, కోపమూ ఉండేది. "ఊరు ఊరంతా రైల్లో నిలబడి నిలబడి ముసిలోళ్లయిపోతా ఉండాది. కోలార్లోనే ఒక పని పెట్టండమ్మా మీరన్నా" అని పోరేది. ఆ పోరు పడలేకే అనుకోండి, నేనూ నా కాలేజీ స్నేహితుడూ ఉద్యోగాలు వదిలి తమకలో ఒక షెడ్డు తీసుకున్నాం. ఊరిగాం చుట్టుపక్కల పిల్లలు కొందరు బెంగళూరు కొలువులు మానుకుని మమ్మల్ని నమ్మి వచ్చారు. పట్టుగూళ్లను ఏరే యంత్రం చేయాలని మా ఆలోచన. మా జిల్లాలో పట్టుపురుగులు పెంచని ఊరు తక్కువ. అప్పుడప్పుడు రెండు పురుగులు కలిసి ఒకే గూడు కట్టేస్తాయి. దాన్ని మా వైపు జోడు గూడు అంటాం. రెండు దారాలూ చిక్కుపడి ఉంటాయి కాబట్టి దారం తీసే చోట అదొక్కటి పడినా పని చెడుతుంది. ఆడవాళ్లు కూర్చుని చేత్తో ఏరాల్సిందే. మేం కెమెరా పెట్టి, పొడుగాటి బెల్టు మీద గూళ్లను పరిగెత్తించి, జోడు గూళ్లను పట్టేద్దామనుకున్నాం.

దారి ఖాళీగా ఉందో లేదో పిన్నమ్మే వెతికింది. జోడు గూడుకు ఇంగ్లీషులో డబల్ కకూన్ అన్న మాటతో లోకమంతా గాలించి, "పెద్దగా ఎవురూ లేరు. పోండి ముందుకు" అంది. మేం కెమెరాలకు ఆర్డరిచ్చాం, బెల్టు బిగించాం, మొదటి యంత్రం సగం నిలబెట్టాం.

ఒక పొద్దున ఆమె మామూలుగా రైలెక్కింది. మామూలుగానే బొమ్మలు తీసింది. జపాన్ నుంచి వచ్చిన పాత పేటెంట్ల కట్టలో ఒక బొమ్మ, గుడ్డులాంటి గీత లోపల పక్కపక్కనే రెండు పురుగులు. చెయ్యి తీసి కింద రాత చూస్తే, కంప్యూటర్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో అది డబల్ కకూన్ కాదు, బాల్ కకూన్. బంతి గూడు! జపాన్‌వాళ్లకు జోడు గూడు అంటే గుండ్రంగా ఉండే బంతి గూడట. ఐరోపావాళ్లు దాన్నే డూపియన్ అంటారట. పిన్నమ్మ బంగారుపేటలో దిగేసి, బస్సు పట్టుకుని, ఉద్యోగం మొదలుపెట్టాక మొదటిసారి ఆఫీసుకు నాగా పెట్టి మా షెడ్డుకు వచ్చింది.

"తప్పైపోయింది పాపా" అంది గడపలోనే. "జోడు గూడు, జోడు గూడు అని వింటా పెరిగినదాన్ని కదా. డబల్ అనే వెతికినాను. ఇంగో పేరుంటాదని తోచనే లేదు. అందరికీ బొమ్మ చూడమని చెప్పి నేనే పేరు చూసినాను."

కొత్త పేర్లతో వెతికేసరికి మాకు కళ్లు తిరిగాయి. ఖాళీ అనుకున్న చోట ఒక పెద్ద విదేశీ కంపెనీ బారులు తీరి కూర్చుని ఉంది. కెమెరా వాళ్లదే, బెల్టు వాళ్లదే, బెల్టు మీద గూటిని తిప్పే పద్ధతీ వాళ్లదే. ఈమధ్యే ఇండియాలోనూ అర్జీలు పెట్టారు. ఆ హక్కు చేతికొచ్చిన మరునాడే, మా యంత్రం అమ్మినందుకు మమ్మల్ని కోర్టుకు లాగొచ్చు. నా స్నేహితుడు తల పట్టుకుని, "మూసేద్దామా పిన్నమ్మా? ఈ పిల్లోళ్లకు ఏం చెప్పేది? మళ్లీ రైలెక్కండి అని చెప్పాల్నా?" అన్నాడు. ఆ మాట ఆమెకు తగలాల్సిన చోట తగిలింది.

"మూసేది ఏందప్పా! వాళ్లు యాడుండారో తెలిసింది కదా. ఇంగ యాడ లేరో చూద్దాం" అంది.

ఆ తర్వాతి రోజుల్లో మా షెడ్డు గోడలు బొమ్మలతో నిండిపోయాయి. పిన్నమ్మ సెలవు పెట్టి వచ్చి, ఒక్కో బొమ్మనూ దాని కాలం ప్రకారం అతికించింది. అలా అతికించాక, ఎవరూ చెప్పకుండానే ఒక విషయం కనబడింది. ఆ కంపెనీ మొదట్లో కెమెరా జోలికే పోలేదు. గూటి కింద దీపం పెట్టి, పైకి వచ్చే వెలుతురును బట్టి లోపల ఒక పురుగుందా రెండున్నాయా అని చూసేవాళ్లు. తర్వాత ఆ దారి వదిలేశారు. ఆ పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. అంటే అవి ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు.

"వదిలేసినారంటే పనికిరాలేదని కదా?" అన్నాను నేను.

"ఎవురికి పనికిరాలేదో చూడాల" అంది ఆమె. ఎందుకు వదిలేశారో కూడా వాళ్లే తర్వాతి పేటెంట్లలో రాసుకున్నారు. పాతకాలం దీపాలు వేడెక్కి గూళ్లను పాడు చేసేవి. పైగా ఆ పద్ధతి వాళ్ల పెద్ద ఫ్యాక్టరీలకు మరీ నిదానం. వేడి సంగతి ఈ రోజుల్లో బెంగే కాదు, ఎల్ఈడీ దీపాలు చల్లగా ఉంటాయి. మిగిలింది నిదానం.

దానికి జవాబు ముల్బాగల్ తాలూకాలో, కురుడుమలె దాటాక ఒక చిన్న షెడ్డులో దొరికింది. అక్కడ ఒకామె భర్తతో కలిసి గూళ్లు ఉడకబెట్టి దారం తీస్తుంది. పిన్నమ్మ మా పొడుగాటి బెల్టు ఫోటో చూపించి, ఎలా ఉందని అడిగింది.

"బాగుండాదమ్మా, యాడ పెట్టుకునేది? దీన్ని పెడితే నేనూ మా ఆయనా బయట నిలబడాల" అందామె. "నేను ఏరేదానికంటే రవ్వంత బిరీన ఏరితే చాలు. కరెంటు పోయినా నడవాల. ఈ షెడ్డులో ఒక మూల పట్టాల."

పిన్నమ్మ మా వైపు తిరిగిన తీరు ఇప్పటికీ కళ్ల ముందుంది. పరీక్షలో తనకు వచ్చిన ప్రశ్నే పడిన పిల్లలా వెలిగిపోయింది. ఆ పెద్ద కంపెనీ పేటెంట్లన్నీ మళ్లీ తిరగేశాం. బల్ల మీద పట్టే యంత్రం గురించి, బ్యాటరీతో నడిచే దాని గురించి అక్షరం ముక్క లేదు. వాళ్ల కస్టమరు పెద్ద మిల్లు. మా కస్టమరు ఈ ఆలుమగలు. సగం కట్టిన బెల్టు విప్పేశాం. దీపం మీద గూటిని మెల్లగా దొర్లించే రెండు చిన్న రోలర్లు మా పిల్లలే తయారు చేశారు. అది ఎవరూ చేయనిది. దాని మీద మాకు పేటెంట్ వచ్చింది. కనిపెట్టినవాళ్ల పేర్లలో పిన్నమ్మ పేరు కూడా ఉంది. ఇన్నేళ్లూ పరాయివాళ్ల పేర్లు చదివిన మనిషి తన పేరు చదువుకుని, "అచ్చులో బాగుండాదే" అని మాత్రం అంది. ఆ పూట పక్కింటికీ, ఎదురింటికీ, స్టేషన్‌లో టీ కొట్టుకూ మైసూరుపాకు పంచిపెట్టింది.

యంత్రం పోయిన ప్రతి ఊరి నుంచీ ఇంకో ఊరికి కబురు పోయింది. కోలార్ గూళ్ల మార్కెట్‌లో మా యంత్రాన్ని పేరుతో కాక "దీపం బల్ల" అని పిలవడం మొదలైంది. మా షెడ్డు ఫ్యాక్టరీ అయింది. ఇప్పుడు ఊరిగాం నుంచి పొద్దున్నే ఒక బస్సు తమకకు వస్తుంది, అందులో అందరికీ కూర్చునే చోటుంటుంది.

కొన్నేళ్లకు ఆ పెద్ద కంపెనీ చిన్న యంత్రాలతో మన దేశంలో దిగాలనుకుంది. వాళ్ల లాయర్లు వెతికితే దారికి అడ్డంగా మేం కనబడ్డాం. కారులో తమకకు వచ్చి, పేటెంట్ అమ్మేయమన్నారు. పిన్నమ్మ అప్పటికి ఉద్యోగం నుంచి రిటైరై మా దగ్గరే కూర్చునేది. వాళ్లకు కాఫీ పోయించి, మంచి ఇంగ్లీషులో, అమ్మేది లేదు, వాడుకోవడానికి ఒప్పుకుంటాం, దానికి బదులుగా మీ కెమెరా, బెల్టు పేటెంట్లు మేం వాడుకోనివ్వండి అంది. వాళ్లు ఆలోచించుకుని చెబుతామన్నారు. చెప్పారు కూడా, సరేనని. కారు గేటు దాటగానే ఆమె చేతులు రెండూ పైకెత్తి, ఆ వయసులో, వరండాలో ఒక చుట్టు తిరిగింది. "చూసినావా పాపా! వాళ్ల బెల్టూ మనదే, మన దీపమూ మనదే!" మేమంతా ఆమె చుట్టూ చేరి కేకలు పెట్టాం. నా జీవితంలో అంత గెలుపు మళ్లీ చూడలేదు.

పిన్నమ్మను సాగనంపే రోజు రైలు స్నేహితులంతా వచ్చారు. పంపు బొమ్మను గుర్తుపట్టిన సెక్యూరిటీ ఆయన కూడా వచ్చి, "అక్క ఉంటే రైల్లో నిలబడి పోయినట్లే ఉండేది కాదమ్మా" అని కళ్లు తుడుచుకున్నాడు. నేను ఏడ్చాను. కానీ ఓడిపోయినవాళ్లు ఏడ్చే ఏడుపు కాదది.

పోయిన వారం, ఇప్పుడు ఆమె కుర్చీలో కూర్చునే ముల్బాగల్ అమ్మాయి నన్ను కేకేసింది. "మేడమ్, ఇట్ల రండి. వాళ్ల కొత్త అర్జీ బయటికొచ్చినాది." చూస్తే, అదే పెద్ద కంపెనీ. ఇంతవరకూ ఉన్న యంత్రాలేమిటో, తమది వాటికంటే ఎలా వేరో చెప్పుకోవాలి కదా, అందుకని మొదటి బొమ్మగా మా దీపం బల్లను వేశారు. వాళ్లను దాటిపోయే దారి కోసం మేం గోడల నిండా కాగితాలు అతికించుకున్నాం. ఇప్పుడు మా ఒప్పుదల అక్కర్లేకుండా మమ్మల్ని దాటే దారి కోసం వాళ్లు వెతుకుతున్నారు.

బొమ్మలో అన్నీ ఉన్నాయి, ఒక్కో భాగానికీ ఒక అంకెతో. దీపం, రోలర్లు, బ్యాటరీ పెట్టె. పక్కన ఒక చిన్న కొక్కెం కూడా ఉంది. దారం తీసేవాళ్ల చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయని, తుడుచుకునే గుడ్డ తగిలించుకోవడానికి పిన్నమ్మ పట్టుబట్టి పెట్టించిన కొక్కెం అది. పేటెంట్‌లో దాని గురించి మేం ఒక్క మాటా రాయలేదు. అదెందుకో వాళ్లకు అంతుబట్టలేదు, అయినా వదలకుండా శ్రద్ధగా గీసి, బాణం గుర్తు పెట్టి, దానికీ ఒక అంకె వేశారు.