సీసం గది బయట

నాకు కడుపు నిలిచిందని తెలిసిన వారంలోనే, రెండేళ్లుగా మాట వినని పొర నా మాట వినడం మొదలుపెట్టింది.

విశాఖలో ఒక విశ్వవిద్యాలయం ల్యాబులో సోలార్ సెల్స్ మీద పరిశోధన చేస్తున్నాను. డాబాల మీద కనిపించే నీలం పలకలు కావు మావి. పెరోవ్‌స్కైట్ అనే పదార్థాన్ని ద్రవంగా కలిపి, చిన్న గాజుపలక మీద వేసి, గిర్రున తిప్పి, వేడి మీద పెడతాం. లేత పసుపు పొర చూస్తుండగానే గోధుమ రంగుకు, అక్కణ్నుంచి నలుపుకు తిరుగుతుంది. వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండని ఆ నల్లని పొరే వెలుతురును కరెంటు చేస్తుంది. ఆ నీలం పలకల్లోని సిలికాన్‌కు కొలిమి వేడి కావాలి. దీనికి నీళ్లు మరిగే వేడి చాలు. కానీ తేమ పడదు. తేమ తగిలితే నలుపు మళ్లీ పసుపైపోతుంది. సముద్రం పక్కన కూర్చుని తేమకు ఓర్చే పొర తయారు చేయడమే నా పని. ఆ పొర మీద కప్పిన ఒక కొత్త పూత వల్ల నా పలకలు మొదటిసారి నాలుగు రోజులు నల్లగా నిలిచాయి.

ఆ పొరలో సీసం ఉంటుంది. కడుపుతో ఉన్న మనిషి ముట్టుకోకూడదని మొదటి రోజు పాఠంలోనే చెబుతారు. అయినా గైడు మేడమ్‌కి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ సీసం కలిపే గదిలోకి వెళ్లలేదు, జ్వరమని అబద్ధమాడాను. నాలుగో రోజు చెప్పాను. ఆవిడ మొదట నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాత, ఆఖరిసారి ద్రవం కలిపింది ఎప్పుడని అడిగారు. ప్రసవమై, పాలిచ్చే రోజులు కూడా గడిచేదాకా సీసం పని చేసే గదిలోకి రావద్దన్నారు. రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించుకోమని సీతమ్మధారలోని ఒక క్లినిక్‌కి పంపించారు. రిపోర్టు రావడానికి మూడు రోజులన్నారు.

చేతొడుగులు లేకుండా ఏనాడూ సీసం ముట్టలేదు. అయినా ఆ మూడు రోజులూ నా చేతుల వంక చూసుకుంటూనే ఉన్నాను.

మా ఇల్లు ఆ క్లినిక్‌కి రెండు వీధుల అవతల. మావారు పోర్టులో ఉద్యోగి, షిఫ్టుల మనిషి. ఆయనది పద్మనాభం ఊరి దగ్గర వ్యవసాయ కుటుంబం. నాది గోదావరి నుంచి స్టీలు ప్లాంటుకు వలసొచ్చిన ఇల్లు. అత్తగారు వారానికోసారి బస్సెక్కి, సంచినిండా ఆకుకూరలతో వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేది. ఆ వారం వచ్చేసరికి నేను పట్టపగలు మంచం మీద ఉన్నాను. ఎందుకని అడిగింది. కడుపు సంగతి, సీసం సంగతి, రిపోర్టు సంగతి అన్నీ చెప్పేశాను. చదువు చాలించమంటుందని భయపడ్డాను. ఆవిడ మాత్రం ఊరికి ఫోన్ చేసి, గేదెను మూడు రోజులు చూసుకోమని తోటికోడలికి చెప్పింది.

రెండో రోజు మధ్యాహ్నం గోంగూర వలుస్తూ తలెత్తకుండా మాట్లాడింది.

"మీ ఆయన కంటే ముందు నాకు ఒక పిల్ల ఉండీదమ్మా. ఐదో నెల్లో పోయింది. సేలో పురుగుమందు కొడతంటే నాను నీళ్లు మోసి కలిపీదాన్ని. సేత్తోనే కలిపీదాన్ని. అందువల్లే పోయిందో కాదో నాకు తెల్దు. కడుపుతో ఉన్నదానివి ఆ మందు ముట్టకని మాత్రం ఎవులూ సెప్పనేదు."

మావారికి ఈ సంగతి తెలుసా అని అడిగాను. తెలియదంది. చేతిలోని గోంగూర కాడ వలిచి పక్కన పడేసింది. మరొకటి అందుకుంటూ అంది:

"నీకు సెప్పినోళ్లున్నారు. నువ్వు ఇన్నావు. మరేటి ఏడుపు?"

అప్పటిదాకా నేను ఏడుస్తున్నట్టు నాకే తెలియలేదు. ఆవిడ ఒళ్లో తల పెట్టుకున్నాను. పుల్లటి వాసన వేసే వేళ్లతో నా జుట్టు సవరిస్తూ కూర్చుంది.

రిపోర్టు మంచిగానే వచ్చింది. డాక్టరమ్మ రెండుసార్లు చదివి, భయపడాల్సిందేమీ లేదంది. అత్తగారు అది వినడానికే ఆగినట్టు ఆ సాయంత్రమే బస్సెక్కింది.

పని మాత్రం ఆగిపోయింది. కిందటేడు చేరిన జూనియర్ అమ్మాయికి నా పలకలు అప్పగించాం. తిరుగుతున్న పలక మీద సరైన క్షణంలో మరో ద్రవాన్ని ఒక్క ఊపులో పొయ్యాలి. క్షణం ముందైతే పొర మసకేస్తుంది, క్షణం ఆలస్యమైతే సూదిపోట్లలాంటి బెజ్జాలు పడతాయి. ఆ క్షణం నా చేతికి తెలుసు, కాగితం మీద రాసివ్వడం తెలియదు. అందుకని గది బయట వరండాలో, అద్దం కిటికీ ఎదురుగా బెంచీ మీద కూర్చుని, ఫోన్‌లో అంకెలు లెక్కపెట్టేదాన్ని. "పొయ్యి" అనగానే ఆమె పొయ్యాలి. వానాకాలం మొదలైంది. వరసగా మూడు వారాలు ఒక్క పలకా కుదరలేదు. నా గొంతు రోజురోజుకీ కరుకెక్కింది.

ఐదో నెల వచ్చాక అత్తగారు మా ఇంట్లోనే ఉండిపోయింది. సిటీ బస్సులో నన్ను ఒంటరిగా పంపనని నాతోపాటు ల్యాబుకీ వచ్చేది. ఒకరోజు నేను ఫోన్ పెట్టేసి విసుగ్గా నిట్టూర్చాను. ఆవిడ అద్దంలోంచి లోపలికే చూస్తోంది.

"నువ్వు లెక్కెడతంటే ఆ పిల్ల సెయ్యి వణుకుతంది. సూసేవా? పలక వంక సూడ్డం నేదు. నీ మాట కోసం కాసుకోనుంది."

కోపమొచ్చింది. కానీ తర్వాతి పలకకు లెక్కపెడుతూ చూశాను. నిజమే. ఆమె చూపు ఫోన్ మీదే ఉంది. నేనెప్పుడూ లెక్కపెట్టి పోసినదాన్ని కాదు. పొర మెరుపు తగ్గడం చూసి పోసేదాన్ని. ఆ సంగతి ఆమెకు చెప్పనే లేదు. ఫోన్ చేసి, అత్తగారు పట్టుకున్న సంగతితో సహా అంతా వివరంగా చెప్పాను. అంకెలు మరిచిపొమ్మన్నాను. ఎన్ని పలకలు పాడైనా పరవాలేదన్నాను.

"అక్కా, నువ్వు లైన్లో ఉంటావా?" అంది.

"ఉండను. నీ కళ్లతో నువ్వు చూసుకో."

అత్తగారిని తీసుకుని కేంటీన్‌కి వెళ్లి టీ తాగాను. తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి అద్దానికి ఒక పలక ఆనించి నిలబడి ఉంది. అద్దంలోలా మా మొహాలు కనపడేంత నునుపుగా, నల్లగా ఉంది పొర. పనయ్యాక చేతులు కడుక్కుని, కోటు మార్చుకుని బయటికొచ్చి, ముందు నన్ను కాదు, మా అత్తగారిని వాటేసుకుంది.

అలా కుదిరిన పలకలతో చేసిన సెల్స్‌కు పైపూత వేసి, అంచులు మూసి డాబా మీద పెట్టాం. కొన్ని వారానికే అంచుల్లో పసుపెక్కాయి. కొన్ని మిగిలిన వానాకాలమంతా నిలిచాయి. పరిశోధన వ్యాసం మీద మొదటి పేరు ఎవరిది రాద్దామని మేడమ్ అడిగినప్పుడు ఒక పూట తటపటాయించాను, ఒప్పుకుంటున్నాను. చివరికి ఇద్దరం సమానమని రాయించాను.

పాప పుట్టిన పదకొండో రోజు. మావారు డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి పాపనెత్తుకున్నారు. మన ఇంట్లో మొదటి ఆడపిల్ల అని మురిసిపోయారు. అత్తగారు నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"మొదటిది కాదురా. ఇలా కూకో, నీకో సంగతి సెప్తాను," అంది.

ఆయన పాపతోనే చాప మీద తల్లి పక్కన కూర్చున్నారు. నేను వాళ్లిద్దరినీ వదిలి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను.