అదీ ఒక ఊరేనా

బుకిట్ బటోక్ పేటకి వెళ్లే సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న తెలుగాయన నాలుగేళ్లు నార్వేలో, సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం చేశాడట. దారంతా ఆ ఊరిని ఈసడిస్తూనే ఉన్నాడు.

"అదీ ఒక ఊరేనాండీ? ఓ చెరువు, ఓ వీధి. ఇక్కడ నాలుగు అపార్ట్‌మెంట్ బ్లాకులు కలిపితే అంతకన్నా ఎక్కువ జనం. దానికో మునిసిపాలిటీ. ఒకప్పుడు అవతలి ఒడ్డు ఊళ్లో కలిపేస్తే, ఏడ్చి మొత్తుకుని విడిపోయారట. నేనున్నప్పుడు మళ్లీ కలుపుదామా అని ఓటింగ్ పెట్టారు. అక్కడ మూడేళ్లు దాటి ఉంటే విదేశీయులకీ ఓటుందని నన్నూ పిలిచారు."

"వెళ్లారా?"

"మంచులో పడుతూ లేస్తూ వెళ్లాను."

"ఏమని వేశారు?"

ఆయన నన్ను తెలివితక్కువవాణ్ని చూసినట్టు చూశాడు.

"కలపొద్దనే. అవతలి ఒడ్డువాళ్లకి మా ఊరి సంగతి ఏం తెలుసండీ?"

చివరికి ఏమైందో అడిగేలోపే ఆయన స్టాప్ వచ్చింది. ఆ ఊరి పేరైనా నాకు తెలియదు. అది విడిగానే ఉండి ఉంటే బాగుండునని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.