పదకొండో స్లైడు దగ్గర ఆగిన ఉపన్యాసం

మా బోటనీ హెడ్ మేడం గారు పోయారని మంగళవారం పొద్దున్న స్టాఫ్ గ్రూపులో చూశాను. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. నేనూ ఒకటి పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టాను. ఆవిడంటే నాకిష్టం లేదు. నేనంటే ఆవిడకి అంతకన్నా లేదు. ఆ మాట దాచి ఈ నాలుగు ముక్కలు రాస్తే ఆవిడే ఎర్రసిరాతో కొట్టేస్తారు.

అమలాపురంలో డిగ్రీ కాలేజీలో ఆవిడ కింద తొమ్మిదేళ్ళు కాంట్రాక్టు లెక్చరర్‌గా పనిచేశాను. మావైపు తిట్టినా ‘అండీ’ తగ్గదు. "మీ పీహెచ్‌డీ అయ్యేలోపు ఆ కుండీలో మొక్క మానైపోద్దండీ" అని పిల్లల ముందే అనేవారు. "ఆకు తిప్పి చూడకుండా రోగం పేరు చెప్పకూడదు" అని రోజూ అనేవారు. నాకు పాఠం చెప్పడం వచ్చిందంటే ఆ మాట వల్లే. అప్పట్లో ఒప్పుకోలేదు.

రిటైరయ్యే నెలలో, కొబ్బరికి పట్టిన తెల్లదోమ గురించి పిల్లల తల్లిదండ్రులకి చెప్పాలనుకున్నారు. వాళ్ళలో సగానికిపైగా కొబ్బరి రైతులే. తోటల వెంట తిరిగి, ఫొటోలు తీసి, ముప్ఫై స్లైడులు చేశారు. నా లాప్‌టాప్‌ని సెమినార్ హాల్లో పెద్ద టీవీకి కలిపే పని నాకు పడింది.

కేబుల్ పెడుతుంటే పక్కకొచ్చి, "ఎక్స్‌టెండ్‌లో పెట్టండి. డూప్లికేట్‌లో ఉంటే మీ తెర మీదకొచ్చిందల్లా టీవీలోకి వచ్చేస్తుందండీ" అన్నారు. కంప్యూటరు కూడా నాకు ఈవిడే నేర్పాలా అని ఒళ్ళు మండి, డూప్లికేట్‌లోనే వదిలేశాను.

ఆవిడ మొదలుపెట్టగానే బల్ల కింద ఫోన్లోంచి స్నేహితురాలికి ‘ముసలావిడ సోది మొదలైంది’ అని పంపాను. అదే వాట్సాప్ లాప్‌టాప్‌లోనూ తెరిచి ఉందన్న సంగతి మర్చిపోయాను. పదకొండో స్లైడు నడుస్తుండగా టీవీ మూల జవాబు వచ్చి పడింది: ‘మీ ముసలావిడ సోది ఇంకా అవ్వలేదా? ఐదుంబావు బస్సు పోద్ది!’

వెనక వరసల్లో నవ్వులు. ఆవిడ వెనక్కి తిరిగి, కళ్ళజోడు సర్దుకుని, చివరిదాకా పైకి చదివారు.

"మీ బస్సు ఐదుంబావుకాండీ?"

"ఆయ్... అవునండి."

"అయితే ఆపేస్తాను. బయల్దేరండి."

ముందు వరసలో ఓ రైతు లేచి, "అదేంటండీ, మందు సంగతి చెప్పకుండానే?" అన్నాడు. ఆవిడ అతనికి నమస్కారం పెట్టి బయటికి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా నా రెన్యువల్ కాగితం మీద ‘పని బాగుంది’ అని రాసి, తల ఎత్తకుండా సంతకం చేశారు. అది దయో, చీదరింపో ఇప్పటికీ తెలీదు. రాత్రికి దయ అనిపిస్తే తెల్లారేసరికి రెండోదే అనిపిస్తుంది.

ఒంట్లో బాగాలేదని తెలిసి పోయిన నెల కొత్తపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. క్షమాపణ నోటికి రాదని తెలిసే లాప్‌టాప్ పట్టుకెళ్ళాను. వాళ్ళ హాల్లో టీవీకి కలిపి, తెల్లదోమ పట్టిన కొబ్బరి ఆకు ఫొటో ఉన్న పన్నెండో స్లైడు తెరిచాను.

"మిగతావి చెప్పండి మేడం, వింటాను."

"మీకు కొబ్బరి చెట్లున్నాయాండీ?"

"లేవండి."

"మరి మీకెందుకు? వినాల్సినవాళ్ళు ఆవేళే వెళ్ళిపోయేరు."

"మేడం, ఆ రోజు నేను..."

"నేను క్షమిస్తే మీకు హాయి. నాకేం ఒరుగుద్దండీ? కాఫీ తాగి వెళ్ళండి."

చెయ్యి చాచి, లాప్‌టాప్‌లోంచి కేబుల్ ఆవిడే లాగేశారు. ఆకు మాయమైంది. నీలం తెర మీద ‘సిగ్నల్ లేదు’ అన్న చిన్న పెట్టె అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. ఒక అంచుకి తగలడం, మెల్లగా రెండో అంచుకి బయల్దేరడం. నేను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఆవిడ దాన్నే చూస్తూ కూర్చున్నారు.